కప్పు ధర పెరిగింది, కోత కూలి పెరిగిందా?

ఆదివారం ఆరాధన ముగిశాక మన సంఘాల్లో చాలాచోట్ల ఒక మంచి అలవాటు ఉంది. ఆవరణలో చెట్టు కింద బల్ల వేసి కాఫీ, టీ పోస్తారు. పది నిమిషాలు నిలబడి ఒకరి క్షేమం ఒకరు కనుక్కుంటాం. జబ్బుపడినవారి సంగతి, పిల్లల చదువుల సంగతి ఆ కప్పు చేతిలో ఉండగానే మాట్లాడుకుంటాం. ఆ కప్పులోని గింజను కోసిన వారి క్షేమం మాత్రం ఎన్నడూ అడగలేదు. ఈ వారం ఆ ప్రశ్న అడుగుదాం. ప్రపంచ కాఫీ వ్యాపారంలో ఇటీవల జరుగుతున్న సంగతులే మనల్ని అడిగిస్తున్నాయి.

2025 ఆగస్టులో పనామా దేశంలో ఏటా జరిగే ‘బెస్ట్ ఆఫ్ పనామా’ కాఫీ వేలంలో హసియెండా లా ఎస్మెరాల్డా అనే తోటలో పండిన 20 కిలోల పచ్చి కాఫీ గింజలను కిలో 30,204 డాలర్లకు కొన్నారు. మన డబ్బులో కిలో సుమారు 26 లక్షల రూపాయలు. వేయించి, పొడి చేసి, కప్పుకు 15 గ్రాముల చొప్పున వేసుకుంటే గింజల ఖర్చే కప్పుకు 45 వేల రూపాయలు దాటుతుంది. ఆ కాఫీ రకం పేరు గెయిషా.

అదే సంవత్సరం ఫిబ్రవరిలో న్యూయార్క్ మార్కెట్‌లో మామూలు అరబికా గింజల ధర పౌనుకు 4 డాలర్లు దాటింది. అంతకుముందెన్నడూ అంత ధర లేదు. బ్రెజిల్‌లో కరవు, నిల్వలు తగ్గడం అందుకు కారణాలు. మన ఇళ్లలో కాఫీ పొడి ప్యాకెట్ ధర పెరగడానికి మూలం అక్కడే ఉంది. పైన అరుదైన రకాలకు లక్షలు, కింద మామూలు రకాలకు రికార్డు ధరలు! ఈ రెండు వార్తలూ చదివితే కాఫీ రైతుకు మంచిరోజులు వచ్చాయనే అనిపిస్తుంది. కానీ డబ్బు ఎవరి దగ్గర ఆగుతోందో చూడకుండా ఆ మాట అనలేం.

ఒక విత్తనం ప్రయాణం

గెయిషా పనామాలో పుట్టిన మొక్క కాదు. 1930లలో ఇథియోపియా నైరుతి అడవుల నుంచి దాని విత్తనాలు సేకరించారు. అవి తూర్పు ఆఫ్రికాలోని పరిశోధనా తోటల మీదుగా 1950లలో కోస్టారికాలోని పరిశోధనా కేంద్రానికి, అక్కడి నుంచి 1960లలో పనామాకు చేరాయి. ఆకుతెగులును తట్టుకుంటుందని దాన్ని తెచ్చారు గాని రుచి కోసం కాదు. కొమ్మలు పెళుసు, దిగుబడి తక్కువ. అందువల్ల రైతులు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. 2004లో ఎస్మెరాల్డా తోటవారు ఎత్తైన భాగంలోని ఆ చెట్ల కాయలను విడిగా కోసి పోటీకి పంపారు. మల్లెపూల వాసనను, నిమ్మజాతి పండ్ల రుచిని తలపించే ఆ కాఫీ న్యాయనిర్ణేతలను ఆశ్చర్యపరిచింది. ఆ ఏడు పౌను 21 డాలర్లకు అమ్ముడైతేనే అందరూ నోరు వెళ్లబెట్టారు. ఇరవయ్యేళ్లలో ఆ ధర ఎక్కడికి చేరిందో పైన చూశాం.

ఆ తోటవారి శ్రమను తక్కువ చేయనక్కరలేదు. ఎవరూ గుర్తించని చెట్టును ఓపికగా గమనించి, విడిగా సాగుచేసి నిలబెట్టారు. అయినా ఈ కథలో ఇద్దరు మనకు కనిపించకుండా పోతున్నారు.

మొదటివారు ఆ విత్తనాన్ని తరతరాలుగా తమ అడవిలో కాపాడిన ఇథియోపియా ప్రజలు. ఒక దేశపు జీవసంపదను మరొకరు వాడుకొని లాభపడితే అందులో మూలవాసులకు వాటా ఉండాలని 2010 నాటి నగోయా ఒప్పందం చెబుతోంది. అయితే దానికి దశాబ్దాల ముందే అడవి దాటిన విత్తనానికి ఆ న్యాయం అందదు. రెండోవారు పనామా కొండల్లో ఆ పండ్లను కోసే ఎన్‌గోబె ఆదివాసులు. కోత కాలంలో వారు తమ ప్రాంతం విడిచి కుటుంబాలతో సహా తోటలకు వలస వస్తారు. పేరున్న తోటల్లో పండిన పండునే ఏరి కోయాలి కనుక కూలి కొంత మెరుగ్గా ఉండవచ్చు. కానీ వేలంలో ధర వందల రెట్లు పెరిగిందని కోసిన బుట్టకు కూలి వందల రెట్లు పెరగదు. అరుదైన వస్తువుకు వచ్చే ఆదాయం భూమి ఎవరిదో, పేరు ఎవరిదో వారికే చేరుతుంది. చేతులకు దక్కేది రోజు కూలే.

పేరు ఎవరిదన్న ప్రశ్న మీద ఒకసారి పెద్ద తగాదాయే జరిగింది. సిడామో, హరార్, యిర్గాచెఫ్ అనేవి ఇథియోపియాలోని ఊళ్ల, ప్రాంతాల పేర్లు. కాఫీ ప్యాకెట్ల మీద ఆ పేర్లుంటే ధర పెరుగుతుంది. ఆ పేర్లపై ట్రేడ్‌మార్క్ హక్కు తనకు ఇవ్వాలని ఇథియోపియా ప్రభుత్వం 2005లో అమెరికాలో దరఖాస్తు చేసింది. అక్కడి కాఫీ వ్యాపారుల సంఘం అభ్యంతరం చెప్పింది. స్టార్‌బక్స్ సంస్థకు, ఇథియోపియాకు మధ్య వివాదం నడిచింది. ఆక్స్‌ఫామ్ వంటి సంస్థలు ప్రచారం చేశాక 2007లో ఇద్దరి మధ్య ఒప్పందం కుదిరింది. పేద దేశమైనా తన ఊరి పేరు తనదేనని నిలబడి అడిగితే వినక తప్పలేదు.

దానం వద్దు, ధర ఇవ్వండి

కాఫీలో న్యాయం గురించి మాట్లాడేటప్పుడు క్రైస్తవులు తెలుసుకోవలసిన ఒక చరిత్ర ఉంది. డచ్ పాలనలోని జావా దీవిలో కాఫీ రైతులపై జరిగిన దోపిడీని బయటపెడుతూ 1860లో ‘మాక్స్ హావెలార్’ అనే నవల వెలువడింది. నూట ఇరవయ్యెనిమిదేళ్ల తరువాత, 1988లో, అదే పేరుతో నెదర్లాండ్స్‌లో ప్రపంచపు తొలి న్యాయవాణిజ్య ముద్ర పుట్టింది. దాని వెనుక ఉన్నది ఒక గురువు. డచ్ దేశస్థుడైన ఫ్రాన్స్ వాన్‌డర్ హాఫ్ మెక్సికోలోని వహాకా కొండల్లో ఆదివాసీ కాఫీ రైతులతో కలిసి బతికాడు. వారు దళారుల చేతుల్లో చిక్కకుండా సహకార సంఘంగా కూడడానికి తోడ్పడ్డాడు. సంఘాల మద్దతుతో నడిచే సాలిడారిదాద్ అనే డచ్ సంస్థకు చెందిన నీకో రోజెన్ ఆయనతో చేయి కలిపాడు. ఆ రైతుల కోరిక ఒక్కటే: మాకు సహాయ నిధులు పంపవద్దు, మా గింజకు సరైన ధర ఇవ్వండి.

ఆ మాట వచ్చిన సమయం కూడా గమనించాలి. మరుసటి ఏడు, 1989లో, దేశాల మధ్య ఉన్న అంతర్జాతీయ కాఫీ ఒప్పందంలోని కోటాలు కూలిపోయాయి. ధర పడిపోయింది. 2001 నాటికి అరబికా పౌను 50 సెంట్ల కంటే దిగజారింది. పెట్టుబడి కూడా రాక లాటిన్ అమెరికాలో, ఆఫ్రికాలో, మన కర్ణాటక, కేరళలో రైతులు చితికిపోయారు. మార్కెట్ ధర ఎంత పడినా ఇంతకు తక్కువ ఇవ్వకూడదన్న కనీస ధర ఆ రోజుల్లో ఒక గొడుగులా నిలిచింది. ఇప్పుడు ఫెయిర్‌ట్రేడ్ ముద్ర ఉన్న కడిగిన అరబికాకు ఆ కనీస ధర పౌనుకు 1.80 డాలర్లు. దానిపై సంఘం ఉమ్మడి అవసరాలకు 20 సెంట్లు అదనం.

అయితే ముద్ర చూడగానే మనసు తేలిక చేసుకోవడం కూడా సరికాదు. ముద్రలన్నీ ఒకే మాట ఇవ్వవు. ఫెయిర్‌ట్రేడ్ కనీస ధర చెబుతుంది. రెయిన్‌ఫారెస్ట్ అలయన్స్ ముద్ర సాగు పద్ధతుల గురించి, కార్మికుల పరిస్థితుల గురించి చూస్తుంది గాని కనీస ధర నిర్ణయించదు. సేంద్రియ ముద్ర రసాయనాలు వాడలేదని చెబుతుంది, కూలి గురించి చెప్పదు. ‘డైరెక్ట్ ట్రేడ్’ అన్న మాటకు చట్టబద్ధమైన నిర్వచనమే లేదు. కొనేవారు నిజాయితీపరులైతే అది గొప్ప పద్ధతి, లేకపోతే ప్యాకెట్ మీద ఒక బొమ్మ మాత్రమే. ముద్ర ఉన్న సంఘాలు కూడా తమ పంటంతా ఆ ధరకు అమ్ముకోలేవు. అంత కొనేవారు లేరు, మిగిలింది మామూలు ధరకే పోతుంది. చిన్న రైతు తోటలో నాలుగు వారాలు కోతకు వచ్చే కూలీ వరకు ఈ ముద్రల రక్షణ చేరడం మరీ కష్టం. బ్రెజిల్ కార్మిక శాఖ ప్రకటించే బానిస శ్రమ జాబితాలో కాఫీ తోటలు పదేపదే కనబడుతున్నాయంటే కోతకూలీ ఎంత దిక్కులేనివాడో అర్థమవుతుంది.

మన మన్యం మాటేమిటి?

ఈ కథ మన గడప దాకా వచ్చింది. తూర్పు కనుమల్లో కాఫీ 1898లో గోదావరి మన్యంలోని పాములేరు లోయలో మొదలైందని చెబుతారు. ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అరకు, పాడేరు, చింతపల్లి ప్రాంతాల్లో లక్ష ఎకరాలకు మించి విస్తరించింది. లక్షకు పైగా ఆదివాసీ కుటుంబాలు దానిమీద ఆధారపడి ఉన్నాయి. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, ఆ చెట్లకు పాకించిన మిరియాల తీగ: ఇదీ అక్కడి పద్ధతి. పోడు కొట్టి అడవి నరకవలసిన అవసరాన్ని ఈ పంట కొంత తగ్గించింది.

2017లో పారిస్ నగరంలో అరకు కాఫీ పేరుతో దుకాణం తెరుచుకుంది. 2019లో ‘అరకు వేలీ అరబికా’కు భౌగోళిక గుర్తింపు దక్కింది. 2024 జూన్‌లో ప్రధానమంత్రి తన ‘మన్ కీ బాత్’లో ఈ కాఫీని ప్రస్తావించారు. 2025 మార్చిలో పార్లమెంటు ఆవరణలోనే అరకు కాఫీ స్టాళ్లు పెట్టారు. నాంది ఫౌండేషన్ తోడ్పాటుతో ఏర్పడిన ఆదివాసీ రైతుల సహకార సంఘం, 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థ (జీసీసీ), పాడేరు ఐటీడీఏ, కాఫీ బోర్డు ఎవరి వంతు వారు చేశారు. సంతోషించవలసిన సంగతే.

పనామాకు, అరకుకు మధ్య ఉన్న పెద్ద తేడా రుచిలో లేదు, భూమిలో ఉంది. ఏజెన్సీలో భూమి ఆదివాసీయేతరుల చేతికి పోకుండా 1/70 చట్టం అడ్డుగోడగా నిలిచింది. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు ఆ రక్షణను గనుల విషయంలో ఇంకా గట్టిపరిచింది. ఆ తీర్పుకు దారితీసిన పోరాటం అరకు దిగువన అనంతగిరి మండలంలోనే సాగింది. ఫలితంగా ఇక్కడ పండు కోసే చెయ్యి, తోట యజమాని చెయ్యి చాలావరకు ఒకే ఇంటివి. కాఫీ ప్రపంచంలో గెయిషా చెట్ల కంటే ఇదే అరుదు. ధర పెరిగితే ఆ ఇంటికే చేరే అవకాశం ఇక్కడ ఉంది.

అవకాశం ఉందన్నాం గాని అన్నిచోట్లా చేరుతోందని అనలేం. కాఫీ పండు నవంబరు నుంచి చేతికొస్తుంది. వానాకాలంలో ఇంట్లో తిండిగింజలు, చేతిలో డబ్బు రెండూ తక్కువ. ఆ నెలల్లో షావుకారు అప్పిస్తాడు, పంట తనకే అమ్మాలని మాట తీసుకుంటాడు. న్యూయార్క్‌లో ధర 4 డాలర్లు దాటినా, అప్పుకు కట్టుబడిన రైతుకు దక్కేది షావుకారు చెప్పిన ధరే. వారపు సంతలో తూకం దగ్గర మరికొంత పోతుంది. రెండో చిక్కు పండు పప్పు తీయడం. పండును అదేరోజు పల్పింగ్ యంత్రంలో వేసి, కడిగి, ఆరబెట్టి పార్చ్‌మెంట్‌గా అమ్మితే మంచి ధర. యంత్రం, నీరు, ఆరబెట్టడానికి కళ్లం లేని కుటుంబం పండును అలాగే ఎండబెట్టి చెర్రీగా తక్కువకు అమ్ముకుంటుంది. సుమారు 6 కిలోల పండ్లు కోస్తే గాని ఒక కిలో శుభ్రమైన గింజ రాదు. అంత శ్రమ తరువాత ఒక చిన్న యంత్రం లేకపోవడం వల్ల ధర తగ్గిపోతోందంటే అది బాధాకరం.

మూడోది తెగుళ్ల బెడద. 2025లో అరకు ప్రాంతంలో కాయతొలుచు పురుగు కనిపించింది. అది పాకకుండా సోకిన తోటల్లో కాయలు కోసి నాశనం చేయవలసి వచ్చింది. అరుదైన రకాల ప్రసక్తికి అసలైన అర్థం ఇక్కడ తెలుస్తుంది. ఒకప్పుడు సిలోన్ కాఫీకి పేరుమోసిన దీవి. 1869లో ఆకుతెగులు మొదలై కాఫీ తోటలను తుడిచిపెట్టింది, తరువాత ఆ దీవి టీకి మళ్లింది. ఆ భయంతోనే మన శాస్త్రవేత్తలు తెగులును తట్టుకునే ఎస్.795, సెలక్షన్ 9, చంద్రగిరి వంటి రకాలను తీర్చిదిద్దారు. సెలక్షన్ 9లో సగం ఇథియోపియా రక్తమే. ప్రపంచంలో గుర్తించిన 124 అడవి కాఫీ జాతుల్లో 60 శాతం అంతరించే ముప్పులో ఉన్నాయని 2019లో బ్రిటన్‌లోని క్యూ ఉద్యానవనం శాస్త్రవేత్తలు తేల్చారు. వారే సియెరాలియోన్ అడవుల్లో కనుమరుగైందనుకున్న స్టెనోఫిల్లా అనే జాతిని 2018లో తిరిగి కనుగొన్నారు. వేడిని తట్టుకొని కూడా అరబికాకు సాటి రుచి ఇవ్వగలదని తేలింది. అరుదైన రకం ధనవంతుల కప్పు కోసం ఉన్న వింత వస్తువు కాదు. అది రేపటి కరవునాటికి దాచుకున్న విత్తనం. దాన్ని కాపాడే అడవివాసికి ఆ శ్రమకు తగిన డబ్బు ముట్టాలి.

ఐరోపా కొత్త నిబంధన

ఇప్పుడు మరో పరీక్ష ముందుంది. 2020 డిసెంబరు 31 తరువాత అడవి నరికిన నేలలో పండిన కాఫీ, కోకో, రబ్బరు వంటివి తమ మార్కెట్‌లోకి రాకూడదని ఐరోపా సమాజం 2023లో చట్టం చేసింది. అమలు రెండుసార్లు వాయిదా పడింది, రద్దు మాత్రం కాలేదు. దీని ప్రకారం గింజ ఏ చెలకలో పండిందో ఉపగ్రహ పటంలో గుర్తు చూపాలి. మన కాఫీకి ఇటలీ, జర్మనీ, బెల్జియం పెద్ద కొనుగోలుదారులు కనుక ఇది దూరపు చట్టం కాదు.

ఉద్దేశం మంచిదే. అడవి పోతే కాఫీ కూడా పోతుంది. కానీ వందల ఎకరాల ఎస్టేటు యజమానికి పటం గీయించడం ఒక గుమాస్తా పని. ఎకరం, రెండెకరాల ఆదివాసీ రైతుకు అటవీ హక్కుల చట్టం కింద పట్టా వచ్చి ఉండాలి, ఆ పట్టాలోని హద్దులు నేలమీద హద్దులతో సరిపోవాలి, వివరాలు ఆన్‌లైన్‌లో ఎక్కాలి. వీటిలో ఏది లేకపోయినా కొనేవారు ‘మాకెందుకీ తలనొప్పి’ అని పెద్ద తోటల వైపు వెళ్లిపోతారు. నీడ చెట్లను కాపాడుతూ కాఫీ పండించినవారే, అడవిని కాపాడే చట్టం పేరుతో మార్కెట్ బయట నిలబడవలసి వస్తే అంతకంటే అన్యాయం ఉండదు. కాబట్టి పట్టాల పంపిణీ, హద్దుల సర్వే, రైతుల నమోదు ఖర్చు రైతుమీద పడకుండా ప్రభుత్వం, కాఫీ బోర్డు, కొనే సంస్థలు భరించాలి. నిబంధన పెట్టినవారే దాని భారంలో పాలు పంచుకోవాలి.

మన బల్ల దగ్గర మొదలుపెడదాం

కూలి ఇవ్వకుండా పట్టి ఉంచితే ఆ కూలి మొర పెడుతుందని హెచ్చరించిన విశ్వాసం మనది. పొలం అంచుల్లో కొంత పంట పేదల కోసం వదలమన్న ధర్మశాస్త్రం మనం చదువుకున్నదే. కోతకాల పండుగనాడు మొదటి ఫలాలను తెచ్చి మందిరంలో పెడతాం. ఆ ఫలాలు ఎవరి చెమటతో వచ్చాయో అడగడం కూడా ఆ పండుగలో భాగమే.

మనం చేయగలిగినవి చిన్నవే. సంఘానికి కాఫీ పొడి కొనేవారు మూడు ప్రశ్నలు అడగాలి. ఇది ఎక్కడి గింజ? రైతుకు ఎంత ఇచ్చారు? కోసినవారికి ఎంత ముట్టింది? మొదటిదానికి జవాబు చెప్పేవారు చాలామంది ఉంటారు, రెండోదానికి కొందరు, మూడోదానికి బహు కొద్దిమంది. మూడోది కూడా చెప్పగలిగినవారి దగ్గర కొందాం. ప్యాకెట్ వెనుక చిన్న అక్షరాలు కూడా చదవాలి. కాఫీ-చికోరీ మిశ్రమంలో 49 శాతం దాకా చికోరీ ఉండవచ్చు. చికోరీ తాగడం తప్పేమీ కాదు. కానీ కాఫీ ధర చెల్లించి సగం చికోరీ కొంటే, మిగిలిన సగం డబ్బు కాఫీ రైతుకు చేరిందని అనుకోకూడదు.

అన్ని సంఘాలకూ ఖరీదైన కాఫీ కొనే స్తోమత ఉండదు. వారిపై ఈ భారం మోపనక్కరలేదు. స్తోమత ఉన్న నగర సంఘాలు, అమెరికాలో, బ్రిటన్‌లో ఉన్న మన తెలుగు సహవాసాలు మాత్రం ఒక అడుగు ముందుకు వేయవచ్చు. ఒక మన్యం గ్రామపు రైతుల సంఘంతో నేరుగా మాట్లాడి ఏడాది అవసరానికి ముందే మాట ఇచ్చి, వానాకాలంలోనే కొంత బయానా పంపితే షావుకారు అప్పు అవసరం తప్పుతుంది. ఒక పల్పింగ్ యంత్రం, ఒక ఆరబెట్టే కళ్లం గ్రామానికి ఉమ్మడిగా ఏర్పడితే ఆ ధర తేడా ఏటా వారి ఇంట్లోనే మిగులుతుంది. ఇది దానం కిందికి రాదు. వహాకా రైతులు అడిగింది ఇదే, మన్యం రైతు అడుగుతున్నదీ ఇదే. మన్యంలో సేవచేసే కాపరులు పట్టా కాగితాలు, నమోదు పత్రాలు చదివి వినిపించే చిన్న సహాయం చేసినా అది పెద్ద సేవే.

వచ్చే ఆదివారం ఆరాధన తరువాత కప్పు అందుకున్నప్పుడు పక్కవారి క్షేమం అడుగుదాం. ఆ వెంటనే కాఫీ పోస్తున్న అన్నను కూడా ఒక మాట అడుగుదాం: ‘ఈ పొడి ఎక్కడి నుంచి తెచ్చారు?’ ఆయనకు తెలియకపోవచ్చు. మనకూ ఇంతవరకు తెలియదు. తెలుసుకొని వచ్చే వారం చెప్పమందాం.